ఆగస్టు 6 దీపాలు: ఆన్‌లైన్ కిట్టూ, పూలావిడ అరటి దొప్పా

ఇది దీపాల మీద రాస్తున్న రివ్యూ. నీళ్ళ మీద తేలే దీపాలు. కార్తీకమాసానివి కావు, హిరోషిమా మీద అణుబాంబు పడిన రోజని ఆగస్టు 6 సాయంత్రం విజయనగరం అయ్యకోనేరు గట్టున మేం వదిలేవి. రెండేళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్లు వాడాం. 2025లో మూడు లాంతర్ల సెంటరు దగ్గర పూలమ్మే ఒకావిడ చేత అరటి దొప్పలతో చేయించాం. మీ బడిలోనో కాలనీలోనో ఇలాంటిది పెట్టుకునే ఆలోచన ఉంటే, మేం డబ్బులు తగలేసుకుని నేర్చుకున్నది మీకు ఊరికే పనికొస్తుంది.

నేను ముప్పై ఏళ్ళ పైన ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయిన మేష్టర్ని. బడిలో ఉన్నన్నాళ్ళూ ఆగస్టు 6న ప్రేయర్లో హిరోషిమా గురించి నాలుగు ముక్కలు చెప్పి, ఒక నిమిషం మౌనం పాటింపజేసి, ఫస్టు పీరియడ్ బెల్లు కొట్టించేసేవాణ్ణి. పిల్లలు ఆ నిమిషంలో ఒకళ్ళనొకళ్ళు గిల్లుకునేవారు. రిటైరయ్యాక తోటి మేష్టర్లం ఏడెనిమిది మందిమి కలిసి, ఈ పనేదో సాయంత్రం పూట తీరిగ్గా, కాస్త మనసు పెట్టి చేద్దాం అనుకున్నాం. హిరోషిమాలో మొతొయాసు నది ఒడ్డున, బాంబుకి మొండిగోడలతో మిగిలిపోయిన గుమ్మటం భవనం దగ్గర, ఏటా అదే రోజు సాయంత్రం జనం కాగితం లాంతర్లు నీళ్ళలో వదులుతారు. లాంతరు మీద పోయినవాళ్ళ పేరో, శాంతి కోరుతూ ఒక మాటో రాస్తారు. పోయినవాళ్ళని నీటి దారిన సాగనంపడం జపాన్‌లో పాత ఆచారమే. 1945లో కాలిన ఒళ్ళతో దాహం దాహం అంటూ జనం దిగింది ఆ నదుల్లోకే, చాలామంది పోయిందీ అందులోనే. అందుకని ఆ ఊళ్ళో ఈ ఆచారానికి బరువెక్కువ.

మేం మార్కులు వేసేది అందంగా ఉందా లేదా అని కాదు. దీపం ఆరిపోయేదాకా దాని మీది అక్షరం గట్టు మీది మనిషికి కనబడాలి. అంతే. అక్షరం కనబడకపోతే అది పెళ్ళి డెకరేషను.

ముందు కిట్టు సంగతి. అమ్మినవాళ్ళ పేరు రాయను, అలాంటివి పదిరకాలున్నాయి, అన్నీ ఒక్కలాగే వస్తున్నాయి. 2023లో 60 తెప్పించాం, ఒక్కోటి సుమారు 40 రూపాయలు పడింది. అడుగున థర్మాకోల్ పలక, నాలుగు సన్నటి వెదురు పుల్లలు, చుట్టూ చుట్టడానికి రంగు కాగితం, లోపల పెట్టుకోవడానికి బటన్ సెల్లుతో వెలిగే ప్లాస్టిక్ దీపం. ఫోటోలో చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. కాగితం ‘వాటర్‌ప్రూఫ్’ అని పెద్ద అక్షరాలతో వేశారు. నిజమే, అబద్ధం చెప్పలేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

మా వరండాలో పిల్లలు పదిహేను మంది జెల్ పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. ఒక అమ్మాయి ‘శాంతి’ అని రాసింది. శాకి దీర్ఘం దిద్దేసరికి సిరా కాగితంలోకి ఇంకకుండా ఆవగింజలంత బొట్లుగా ముడుచుకుని, గీత పొడుగునా వరసగా నిలబడింది. తామరాకు మీద నీళ్ళు చూసుంటారు కదా, అచ్చం అలాగే. రెండో అక్షరానికి ఆ పిల్ల మణికట్టు మొదటి అక్షరం మీద పడింది, శా కాస్తా నీలం మచ్చయిపోయింది. మైనం పూత కాగితం నీళ్ళనే పట్టనప్పుడు సిరాని మాత్రం ఎందుకు పడుతుంది? ఏళ్ళ తరబడి నేను చెప్పిన పాఠమే. కొనేటప్పుడు గుర్తుకు రాలేదు. స్కెచ్ పెన్ను ఇంకా దారుణం, బాల్ పెన్ను కాగితాన్ని చీరేసింది. చివరికి పక్క వీధి స్టేషనరీ షాపులో పర్మనెంట్ మార్కర్లు ఆరు కొనుక్కొస్తే గానీ పని జరగలేదు. అది కిట్టు ధరలో కలవని ఖర్చు.

మార్కరుతో లావుగా, నల్లగా రాస్తున్న పిల్లలకి నేనొక సంగతి చెప్పాను. చెప్పి ఉండకూడదేమో, కానీ అలవాటు. ఆ రోజు హిరోషిమాలో తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలున్న మేర మాత్రమే కాలిపోయిన కాగితాలు దొరికాయి. నలుపు వేడిని లాక్కుంటుంది, తెలుపు తిప్పికొడుతుంది. ఒకామె వీపు మీద, ఆమె వేసుకున్న కిమోనోలో ముదురు రంగు డిజైన్ ఎక్కడుందో అక్కడ అదే ఆకారంలో చర్మం కాలిన ఫోటో ఉంది. బాంబు నేల మీద పడి పేలలేదు, సుమారు 600 మీటర్ల ఎత్తున పేలింది. ఆ వెలుగు వచ్చి తగిలింది చర్మానికీ, బట్టకీ, రాతి మెట్లకీ. ‘శాంతి’ రాస్తున్న అమ్మాయి మార్కరు మూత పెట్టేసి కాసేపు ఊరుకుంది. తర్వాత సన్నగా, పెన్సిలుతో రాసుకుంటానంది. పెన్సిలు ఆ కాగితం మీద పడనే పడదు.

మొదటి ఏడు గాలి లేదు, ఎలాగో గట్టెక్కాం. 2024లో మార్కర్లు ముందే కొనుక్కున్నాం కదా అని మళ్ళీ అదే కిట్టు తెప్పించాం. అది నా తప్పు. ఆ సాయంత్రం గాలి తిరిగింది. పైన కాగితం తెరచాపలా గాలి పట్టేస్తుంది, అడుగున బరువు లేదు. ఒకటి తర్వాత ఒకటి పక్కకి ఒరిగి, కాగితం నీళ్ళలో వాలి, లోపల దీపం మాత్రం మిణుకు మిణుకుమంటూ నీటి కింద పసుపుపచ్చగా వెలుగుతూనే ఉంది. ఊళ్ళో ఎవరో చూసి ‘చేపలకి సీరియల్ లైట్లు పెట్టారేటి’ అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మర్నాడు పొద్దున్న వల వేసే కుర్రాడికి డబ్బులిచ్చి ఏరించాం. 60 వదిలితే 52 దొరికాయి. అంటే బటన్ సెల్లులు ఎనిమిది కోనేట్లో ఉండిపోయాయి. సైన్సు మేష్టరు హిరోషిమా రోజున చెరువులో బ్యాటరీలు పారేశాడు, రాసుకోండి. ఒరిగిపోతున్నాయని ఫోటోలతో సహా కంప్లయింటు పెడితే, వాడిన సరుకు వెనక్కి తీసుకోం అని రెండు ముక్కల్లో జవాబొచ్చింది.

2025కి బాంబు పడి 80 ఏళ్ళు. బాంబుకి బతికి బయటపడినవాళ్ళని అక్కడ హిబాకుషా అంటారు. జపాన్ ప్రభుత్వ లెక్కలో వాళ్ళ సంఖ్య 2025లో మొదటిసారి లక్ష లోపుకి దిగింది, సగటు వయసు 86 దాటింది. వాళ్ళ సంఘం నిహోన్ హిడాంక్యోకి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు మేం గట్టు మీదే టీ తాగుతూ, వచ్చే ఏడు థర్మాకోల్ వద్దని తీర్మానం చేసుకున్నాం. ఏం పెడదాం మరి అంటే మా ఆవిడ విసుక్కుంది. “పోలి పాడ్యమికి ఇంతమంది ఆడవాళ్ళం తెల్లారకుండా దొప్పల్లో దీపాలు వదుల్తాం, ఒక్కనాడైనా ఒక్కటైనా బోల్తా పడ్డం చూశారా?” అని. చూడలేదు. ఆ వేళకి నేనెప్పుడూ లేచి ఉండను.

అలా వెళ్ళాను పూలావిడ దగ్గరికి. పైడితల్లి అమ్మవారి చదురుగుడికి వెళ్ళే దారిలో, రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. పక్కనే వాళ్ళ అత్తగారు, ఎనభైకి దగ్గరగా ఉంటాయి, చూపు తగ్గినా చేత్తో తడుముకుంటూ మాల కడుతూనే ఉంటుంది.

“ఏటి మేష్టారూ, కార్తీకం ఇంకా రానేలేదు గదండీ, ఇప్పుడు దొప్ప దీపాలేటి?” అందావిడ.

చెప్పాను. జపాన్, బాంబు, ఆగస్టు 6. కోడలు వింటోంది. అత్తగారి చెయ్యి ఆగింది.

“జపానోల్లకా? ఆల్లే గదేటి రంగంలో బాంబులేసినోల్లు.”

ఇది నేను ఎదురుచూడలేదు. ఎదురుచూడాల్సింది. ఉత్తరాంధ్రలో ఏ ఊరు తీసుకున్నా రంగం వెళ్ళినవాళ్ళుంటారు. రంగం అంటే రంగూన్. ఓడరేవుల్లో, ధాన్యం మిల్లుల్లో కూలికి మనవాళ్ళు వేలకి వేలు వెళ్ళారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, ఓడ దొరికినవాళ్ళు ఓడెక్కారు, దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పడి కాలినడకన బయల్దేరారు. ఈ ముసలావిడ తండ్రి అలా నడిచొచ్చినవాడే. తమ్ముడితో కలిసి బయల్దేరి ఒక్కడే వచ్చాడు.

మా ఇంట్లోనూ ఒక కథ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి మా అమ్మకి పదేళ్ళు. పట్నం నుంచి చుట్టాలు బళ్ళు కట్టుకుని, వంట సామాను, ఒక ఆవు దూడతో సహా మా తాతగారి ఊరు వచ్చిపడ్డారట. ఆ దూడ వెళ్ళిపోయేటప్పుడు తను ఏడ్చానని మా అమ్మ చెప్పేది. యుద్ధం గురించి ఆవిడకి గుర్తున్నది అది. ఆనాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది, బీచ్ రోడ్డు వైపు వెళ్ళినప్పుడు పిల్లలకి చూపించండి.

కాబట్టి ఆ ముసలావిడతో వాదించే మొహం నాకు లేదు. శాంతి, మానవత్వం అని మైకులో మాట్లాడినట్టు మాట్లాడితే పూలబుట్ట నెత్తిన పెట్టి పంపేది. నాకు తెలిసిన ఒక్క సంగతి చెప్పాను. ఆ రోజు హిరోషిమాలో చచ్చిపోయింది జపాన్ వాళ్ళే కాదమ్మా, కొరియా దేశం వాళ్ళూ వేలమంది ఉన్నారు. అప్పుడు కొరియా జపాన్ చేతి కింద ఉండేది. పొట్టకూటికి వచ్చినవాళ్ళు కొందరు, బలవంతాన పనిలోకి తోలుకొచ్చినవాళ్ళు కొందరు. వాళ్ళ పేర రాయి ఒకటి 1970లో నిలబెట్టారు, అదీ శాంతి పార్కు బయట. ఆ రాయి పార్కు లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. ఊళ్ళో ఇళ్ళు కూలగొట్టి మంటలు పాకకుండా ఖాళీ చేసే పనికి ఆ పొద్దున్న బడిపిల్లల్ని కూడా తెచ్చారు, వాళ్ళూ వేలల్లోనే పోయారు.

అత్తగారు కాసేపు ఏం మాట్లాడలేదు. దారం పంటితో కొరికి, “అయితే మన్లాగ కూలికెల్లినోల్లేనన్నమాట” అని మళ్ళీ మాల అందుకుంది. కోడలు ఒక్కోటి 15 రూపాయలంది, 12కి అడిగాను, “వరలక్ష్మీ వ్రతం ముందర బేరాలాడకండి మేష్టారూ” అంది. నిజమే, ఆ ఏడు ఆగస్టు 8నే వరలక్ష్మీ వ్రతం పడింది. ఒప్పుకున్నాను. కాగితం మాది, నూనె మాది, మిగతాదంతా ఆవిడది.

అసలు వస్తువు ఎలా ఉందో చెబుతాను. జానెడు పొడుగు అరటి దొప్ప. రెండు చివర్లూ లోపలికి మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చితే చిన్న దోనెలా తయారవుతుంది. దొప్ప లోపలంతా గాలి గదులే, అడ్డంగా కోసి చూస్తే తేనెపట్టులా కనబడుతుంది, అందుకే మునగదు. మధ్యలో చిన్న మట్టి ప్రమిద, నువ్వుల నూనె, వత్తి. ఆ ప్రమిద బరువే దీని గుట్టు. బరువు అడుగున ఉంది గనక గరిమనాభి కిందికి దిగుతుంది, గాలి ఒరగ్గొట్టినా వెంటనే నిటారుగా లేచి కూర్చుంటుంది. కిట్టు డిజైన్ చేసినవాడెవడో ఇంజనీరే అయి ఉంటాడు, పోలి పాడ్యమికి ఒకసారి వచ్చి చూసి ఉంటే బాగుండేది. దొప్ప అంచుల్లో ఆవిడ నాలుగు ఈనెలు నిలువునా గుచ్చింది. వాటి చుట్టూ తెల్ల కాగితం చుట్టి అన్నం మెతుకుతో అతికించాం. మామూలు పల్చటి తెల్ల కాగితమే. బాల్ పెన్ను చక్కగా పడింది, పెన్సిలు ఇంకా బాగా పడింది. జెల్ పెన్ను మాత్రం వద్దు, నీటి చుక్క తగిలితే అక్షరం నీలం పువ్వులా విచ్చుకుంటుంది.

ఆగస్టు 4న ఇంట్లో బట్టలు నానబెట్టే తొట్టిలో ఒకటి వేసి చూశాను. ప్రమిద నిండా నూనె పోస్తే 40 నిమిషాలు వెలిగింది. టేబుల్ ఫ్యాను పెట్టి చూశాను కూడా. రెండో నంబరు దాకా తట్టుకుంది, మూడో నంబరుకి కాగితం దీపం మీదికి వంగింది. ఈనెలు ఒక అంగుళం ఎడంగా గుచ్చమని ఆవిడకి చెప్పాను. “ప్యాను పెట్టి సూశారా!” అని పడీ పడీ నవ్వింది.

గన్నేరు పూల సంగతి మర్చిపోయేవాణ్ణి. ప్రతి దొప్పలో ఒక్క గన్నేరు పువ్వు కావాలన్నాను. హిరోషిమా నగరపు పువ్వు గన్నేరే. బాంబు పడ్డాక 75 ఏళ్ళ దాకా అక్కడ గడ్డి కూడా మొలవదని జనం అనుకున్నారు, ఆ బూడిదలో ముందుగా పూసిన పూలలో గన్నేరు ఉంది. “గన్నేరు ఎవరైనా కొంటారేటండీ, రోడ్డు పక్కన కోసుకోడవే” అని ఆవిడ దానికి డబ్బులు తీసుకోలేదు. నిజంగానే డివైడరు మీదివి కోసుకున్నాం. పిల్లల చేత చేతులు కడిగించండి, ఆ పాలు విషం.

దొప్పలు ముందురోజు కోస్తే ముడుచుకుపోతాయి గనక 6వ తేదీ తెల్లవారుజామునే కోస్తానంది. నేనూ సాయంగా వెళ్ళాను. నాలుగున్నరకి పూల బుట్టలు దిగుతున్నాయి. నా లెక్క నాకుంది. హిరోషిమా మనకంటే మూడున్నర గంటలు ముందు. వాళ్ళ 8 గంటల 15 నిమిషాలు ఇప్పటి మన గడియారంలో 4 గంటల 45 నిమిషాలు. ఫోను అరటి బోదెకి ఆనించి పెట్టి లైవు పెట్టాను. అక్కడ సమాధి రాయి ముందు నీళ్ళు సమర్పించారు, దాహంతో పోయినవాళ్ళకి అది మొదటి మర్యాద. ఆ ఏడాది చనిపోయిన హిబాకుషాల పేర్లు కలిపిన పుస్తకాన్ని రాతి పెట్టెలో ఉంచారు. ఆ పుస్తకాల్లో పేర్లు 3 లక్షల 40 వేలు ఎప్పుడో దాటేశాయి. 8.15కి గంట మోగింది. పూలావిడ కత్తి పక్కన పెట్టి, తడి చేతులతోనే దణ్ణం పెట్టుకుంది.

“ఏ గుడండీ?”

గుడి కాదమ్మా అన్నాను. మరి గంట ఎందుక్కొట్టారంది. చెప్పేలోపు బంతిపూల గంప దిగింది, ఆవిడ అటు వెళ్ళిపోయింది.

ఇక లోపాలు. అరటి పసరు. చొక్కాకి అంటితే ఇక ఆ చొక్కాకి శాశ్వతంగా గోధుమరంగు మరకే. నాది ఒకటి, మా ట్రెజరర్ గారిది ఒకటి పోయాయి. ఆయన తెల్ల ఖద్దరు వేసుకునొచ్చారు, ఎవరు రమ్మన్నారు. రెండోది, రసీదు లేదు. ట్రెజరర్ గారికి మరక కంటే ఇదే బాధ. చివరికి నోటుబుక్కు కాగితం మీద ‘దొప్పలు 60, రూ. 900’ అని రాసి ఆవిడ చేత వేలిముద్ర వేయించబోతే, ఆవిడ పెన్ను లాక్కుని సుబ్బరంగా సంతకం పెట్టింది. మూడోది, మోసుకురావడం. ఆటోలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఈనెలు విరిగాయి. ప్లాస్టిక్ టమాటా ట్రేలు అడిగి తెచ్చుకోండి, ట్రేకి ఎనిమిది సరిగ్గా పడతాయి. ఇక మైకు సెట్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మైకు పనిచేసింది, టెస్టింగ్ కోసం మాత్రం సినిమా పాట వేశాడు.

సాయంత్రం చినుకు పడి ఆగింది. ఆరున్నరకి జనం నలభై మంది దాకా చేరారు, సగం మంది పిల్లలు. వాళ్ళు మడిచిన కాగితం కొంగలు రెండు బుట్టలు. రెండేళ్ళ వయసులో బాంబుకి దొరికి, 12 ఏళ్ళకి లుకేమియాతో 1955లో పోయిన సడాకో ససాకి ఆసుపత్రి మంచం మీద అలాంటివే మడిచేది. టెక్కలి వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక గుంటడు, “మా తేలినీలాపురంలో నిజం కొంగలొస్తాయి” అని ప్రతివాళ్ళకీ చెప్పుకుంటూ తిరిగాడు. ఒకాయన కొవ్వాడలో పెడతామన్న అణు కేంద్రం సంగతి ఎత్తారు, అణు విద్యుత్తు మీద మీ సంఘం స్టాండేంటి అని. అది వేరే సాయంత్రం మాట్లాడుకుందాం సార్ అన్నాం. ఇత్తడి చెంబుతో నీళ్ళు గట్టు మీద పెట్టి, ఒక నిమిషం మౌనం మొదలుపెట్టాం. ఇరవై సెకన్లయిందో లేదో, రోడ్డు మీద బజ్జీల బండి దగ్గర పేమెంటు డబ్బా “ముప్పై రూపాయలు అందినవి” అంది. ఒక పిల్ల కిసుక్కుమంది. బజ్జీలాయన పాపం పరిగెత్తుకెళ్ళి డబ్బా గొంతు నొక్కేశాడు, చేతిలో జల్లిగరిటె అలాగే పట్టుకుని, మిగతా నలభై సెకన్లూ మాతోపాటే నిలబడ్డాడు.

దీపాలు వదిలాం. ఇక్కడ నేను మార్కులు ఉదారంగా వేస్తాను. 60లో రెండింటి కాగితం అంటుకుంది, రెండూ చెయ్యి వణికి నూనె ఒలికినవే. ఒకటి గట్టుకి తగిలి మునిగింది. మిగతావన్నీ అరగంట దాటి వెలిగాయి. గాలికి మెల్లగా అవతలి గట్టు వైపు తిరిగాయి. తెల్ల కాగితం వెనక వత్తి వెలుగు ఉంది కదా, పెన్సిలు రాత కూడా నల్లగా, స్పష్టంగా తేలింది. అవతలి గట్టున బట్టలు ఆరేస్తున్న ఒకావిడ మేడ మీంచి గట్టిగా చదివింది, ‘మళ్ళీ వద్దు’ అని. ఎవరో పిల్లాడు అంతే రాశాడు.

అంతా అయిపోయాక ఆటో దిగి పూలావిడ అత్తగారు వచ్చింది, కోడలు చెయ్యి పట్టుకుని. కోడలి చేతిలో ఒక దొప్ప ఉంది, మా లెక్కలో లేనిది.

“దీని మీద రాయండి బావూ.”

“పేరు చెప్పమ్మా.”

“పేరు నాకేటి తెలుసు. మాయయ్య ‘సిన్నోడు’ అనీవోడు. దారిలో నీల్లడిగాడట, నీల్లు తెచ్చీలోపు పోనాడట.”

చిన్నోడు అని రాయబోయి, ఆవిడ అన్నట్టే సిన్నోడు అని రాశాను. వత్తి నేనే వెలిగించాను. చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి, కొంచెం తీసి దొప్ప పక్కన కోనేట్లో పోసిందావిడ. మిగతా దీపాలన్నీ అప్పటికి అవతలికి వెళ్ళిపోయాయి, ఇది ఒక్కటే ఇటువైపు.

మర్నాడు పొద్దున్న వల కుర్రాడు మట్టి ప్రమిదలతో సహా 58 దొప్పలు తెచ్చాడు. ప్రమిదలు కడిగి దాచాం, దొప్పలు గొర్రెల కాపరి పట్టుకెళ్ళాడు. మిగిలిన మూడూ నీళ్ళలో ఉన్నా మట్టే, ఆకే.

కిట్టుకి నూటికి 30, అదీ ప్యాకింగు చూసి. దొప్పకి 82. పసరు మరకకి పది, రసీదుకి ఎనిమిది కోశాను. ట్రెజరర్ గారైతే రసీదుకి పదిహేను కోయాలంటారు.

కావలసినవాళ్ళు పూలావిడకి కనీసం రెండు రోజుల ముందు చెప్పాలి, వంద దాటితే తన వల్ల కాదంటోంది. 2026లో అధికమాసం ఉంది, ఆగస్టు 6 శ్రావణంలో పడదు, ఆషాఢంలోనే ఉంటుంది. పూలకి గిరాకీ ఉండదు గనక 12 రూపాయలకే చేసిస్తానంది. ఈనెలు చీరేది అత్తగారు కాబట్టి ఆవిడకి మాత్రం ఇంకాస్త ముందుగా చెప్పమంది.